యూనిట్ల మామకు నెల జీతం

ఇప్పుడు డబ్బు ఫోన్లోకి వస్తుంది, ఫోన్లోంచే పోతుంది, దాని ముఖం చూసినవాడు లేడు. ఎనభైల మొదట్లో మా విశాఖలో అలా కాదు. రేవులో ఒకటో తారీకున ఎండలో వరుసకట్టి, కిటికీ కన్నంలోంచి వచ్చిన నోట్లను వేలు తడిచేసుకుని లెక్కపెట్టుకుంటేనే అది జీతం. మా మామ (మా ఆవిడ తండ్రి) అలా బతుకంతా నిలబడిన క్రేను డ్రైవరు. ఆయన రిటైరవుతున్నాడనగానే నేను సలహాదారుగా తయారయ్యాను. నన్నెవరూ నియమించలేదు. ఎనిమిదితో బడి మానేసినా, పకోడీ పొట్లాల్లో వ్యాపారం పేజీ దొరికితే నూనె మరకల మీదుగా చదివి తెలివి సంపాదించుకున్నవాణ్ణి. యూనిట్ల సంగతి (ఇప్పుడు మ్యూచువల్ ఫండ్లని గొప్పలు పోతున్నారే, అవే) గాజువాక మొత్తానికి నాకొక్కడికే తెలుసని నా నమ్మకం.

అప్పటికి ఒక షావుకారు గోడౌను కాపలాకు రమ్మని మామను పిలుస్తున్నాడు. మామకు మోకాళ్ళ నొప్పులు.

“అల్లుడూ, నాకొచ్చిన డబ్బంతా ఆ యూనిట్లలో ఎట్టేత్తే నెలకెంతొస్తాదో సెప్పు. ఇల్లు గడుస్తాదంటే ఆ కాపలా పని నాకొద్దని సెప్పేత్తాను,” అన్నాడు.

ఏడాదికి ఎంతొస్తుందో వేసి, పన్నెండుతో భాగించి, వచ్చిన అంకె కింద రెండు గీతలు గీశాను. “కాలు మీద కాలేసుకుని కూర్చో మామా!” అన్నాను. ఆయన డబ్బంతా యూనిట్లలో పెట్టి, షావుకారుకు రానని కబురు పెట్టేశాడు.

“ఆ అంకె సూపిత్తే కొట్టోడు బియ్యమిత్తాడేటి బాబూ?” అంది అత్త. ఆడవాళ్ళకేం తెలుసులే అని నవ్వాను.

ఒకటో తారీకు వచ్చింది. మామ గెడ్డం గీసుకుని అరుగు మీద పోస్టుమాన్ కోసం కూర్చున్నాడు. పోస్టుమాన్ పలకరించి వెళ్ళిపోయాడు. రెండో నెలా అంతే. నేను నిప్పులు తొక్కుతూ, యూనిట్లు అమ్మిన ఏజెంటు మీదికి వెళ్ళాను.

“అది ఏడాదికోపాలి వస్తాది బావా. నెలనెలా ఇత్తామని నీకెవులు సెప్పినారు?” అన్నాడతను.

ఎవరూ చెప్పలేదు. భాగించింది నేనే. అయినా లెక్కలో తప్పు లేదు! ఈ రోజుకీ సవాలే, ఎంత పెద్ద ఆడిటర్నయినా తీసుకురండి. నాకు భాగహారం వచ్చినప్పుడు ఆ యూనిట్లవాళ్ళకు రాదని ఎలా అనుకుంటాను?

మామ టార్చిలైటు పట్టుకుని షావుకారు దగ్గరికి పరుగెత్తాడు. అక్కడ వేరే మనిషి చేరిపోయాడు. ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్న రోజులు, ఊరి నిండా వంట రాని కుర్రాళ్ళు. అత్త వాళ్ళకు చేపల పులుసూ అన్నం క్యారియర్లు కట్టడం మొదలుపెట్టింది. నేను మొహం చెల్లక వారం తర్వాత వెళ్తే, వరండాలోకి చూపించి, “మీ మావ కాలు మీద కాలేసుకునే కూకున్నాడు బాబూ, కత్తిపీట ముందర,” అంది.

ఏడాది తిరిగాక యూనిట్ల డబ్బు వచ్చింది, ఒక్క ముద్దగా. మామ దాన్ని మూటకట్టి నా ఒళ్ళో పెట్టాడు. “ఇంత ఒక్కపాలి సేతిలో ఉంటే నాను ఆగలేను. పన్నెండుతో భాగించినావు గదా, నువ్వే ఇయ్యి.”

అప్పటినుంచి ప్రతి ఒకటో తారీకునా ఇస్త్రీ చొక్కాతో మా ఇంటికి వచ్చేవాడు. లోపలికి రమ్మంటే రాడు. వంటింటి కిటికీ అవతల ఎండలో నిలబడేవాడు. నేను కాస్త ఆలస్యం చేస్తే, “క్యాషియరు బాబూ, బేగి కానీయండి, ఎనకాల లైనుంది,” అని కేక. (వెనకాల ఉన్నది పక్కింటి మేక.) మిగతా రోజుల్లో నేను ‘నువ్వు’నే, ఆ ఒక్క పూట ‘మీరు’.

మొన్న సీతమ్మధారలో ఫండ్ల ఆఫీసుకు వెళ్తే అక్కడి కుర్రవాడు, ఫండ్లోంచి నెలనెలా ఇంత చొప్పున తీసుకునే కొత్త పద్ధతి ఉంది తాతగారూ అని కంప్యూటర్ తిప్పి చూపించాడు. కొత్తదా! అక్కడే గొంతు పెంచాను. అతను బెదిరిపోయి మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. నెలకు నాకెంత వస్తుందో పైసలతో సహా చెప్పాడు, నాలాగే, ఎక్కడా తడుముకోకుండా. నీళ్ళు తాగుతూ అతన్నే చూస్తుంటే కోపం పోయి నవ్వొచ్చింది. పాపం, లెక్కలన్నీ వచ్చు గానీ, తప్పులో కాలేస్తే వచ్చి ఎండలో నిలబడి ‘బాబూ’ అని పిలిచే మామ ఆ పిల్లవాడికి ఉన్నాడో, లేడో.