దర్శిలో వణికిన గీత

బొమ్మలు గీసే ఎలక్ట్రానిక్ పలకలు, వాటి సాఫ్ట్‌వేర్ అమ్మే కంపెనీలో ఏరియా సర్వీస్ ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యాను. నా ఆఫీసు నల్లపాడులో ఉండేది. గుంటూరు, ప్రకాశం రెండు జిల్లాలూ నా కిందే. రిటైర్మెంటుకు ముందు వేసవిలో, కల్లాల్లో మిర్చి ఆరుతున్న రోజుల్లో, దర్శి నుంచి ఒక కంప్లయింటు వచ్చింది. అందులో ఉన్నది ఒకటే మాట: గీత వణుకుతోంది. చదివి నవ్వుకున్నాను. మా వృత్తిలో అలాంటప్పుడు వణికేది చాలాసార్లు గీసేవాళ్ళ చెయ్యే.

కంప్లయింటు ఇచ్చినామె రజియా. మిరప్పొడి ప్యాకెట్లకూ విత్తనాల సంచులకూ అక్షరాలు, బొమ్మలు గీసిస్తుంది. ఆమె తండ్రి మస్తాన్ ఆ ఊళ్ళో బోర్డులు రాసే ఆర్టిస్టు. అంతకుముందు శీతాకాలంలోనే పోయాడు. చివరి రోజుల్లో ఆయన చెయ్యి వణికేదట. కూతురి పలకంటే ఆయనకు గిట్టేది కాదు. 'బ్రష్షుకి ప్రాణం ఉంటుందే, ఆ గాజు ముక్కకేముంది?' అనేవాడట.

రజియా నా ఎదుటే పెన్నుతో మెల్లగా ఒక ఏటవాలు గీత గీసింది. తెర మీద అది పాము పాకినట్టు వంకర్లు పోయింది. ఈ సాఫ్ట్‌వేర్‌లో గీత రంగు మరకలా ఉండదు, చుక్కల్ని కలిపే దారిలా ఉంటుంది. తిన్నని గీతకు రెండు మూడు చుక్కలు చాలు. ఈ గీతను పెద్దది చేసి చూస్తే బెల్లానికి చీమలు పట్టినట్టు చుక్కలే. ఆమె చెయ్యి మాత్రం రాయిలా నిలకడగా ఉంది.

"ఎప్పటినుంచమ్మా?" అన్నాను.

"నాన్నకి నలభయ్యో రోజు ఫాతిహా చదివించాం సార్. ఆ తర్వాత మొదలైంది. రోజురోజుకీ ఎక్కువవుతోంది."

నాకు ఇలాంటి మాటలు పడవు. మిషనుకు తద్దినాలేమిటి! కంపెనీ పద్ధతి ప్రకారం పెన్ను ములుకు మార్చాను, పలకను నడిపే డ్రైవర్ ప్రోగ్రాం తీసి మళ్ళీ వేశాను, బ్రష్ సెట్టింగులన్నీ మొదటికి తెచ్చాను. వణుకు పోలేదు. గీతను నునుపుచేసే స్టెబిలైజర్ పెంచితే వణుకు కనబడదు గానీ, గీత పెన్నుకు వెనకబడి ఈడ్చుకుంటూ వస్తుంది. అది జ్వరానికి దుప్పటి కప్పడమే. చివరికి మొత్తం సామాను నల్లపాడుకు మోసుకెళ్ళాను. నా బల్ల మీద గీత దారం లాగినట్టు వచ్చింది. దర్శికి తెచ్చి అదే గదిలో పెట్టగానే మళ్ళీ అదే వణుకు. ఒళ్ళు మండింది నాకు.

పెన్నును పలక మీద ఆనించి, ఒక పుస్తకం దన్ను పెట్టి చెయ్యి తీసేశాను. ఎవరూ ముట్టుకోకుండానే తెర మీద బాణం గుర్తు అదురుతోంది. మిట్టమధ్యాహ్నం, బయట ఎర్రటి ఎండ, నేను మాత్రం కుర్చీ వెనక్కి జరుపుకున్నాను.

రజియా వాళ్ళ నాన్న రాసిన చివరి బోర్డు ఫొటో తెరిచి, తను పలక మీద గీసిన అదే అక్షరం కింద పొరలా పెట్టింది. అందులో మస్తాన్ చెయ్యి ఎక్కడెక్కడ వణికిందో ఈ గీత కూడా అక్కడక్కడే వణికింది. నేను కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను. తేడా లేదు.

అప్పుడే వాళ్ళమ్మ హుసేన్‌బీ టీ తెచ్చింది. గ్లాసు నాకిచ్చి కూతురి భుజం మీద చెయ్యి వేసింది. రజియా గీస్తున్న గీత ఠక్కున తిన్నగా అయింది. చెయ్యి తీస్తే వణికింది, వేస్తే ఆగింది.

"నన్ను చూసి మీ నాన్న తగ్గుతున్నాడు" అంది హుసేన్‌బీ గొంతు తగ్గించి. "వద్దంటున్నాడే తల్లీ. మానెయ్యి."

"మానేస్తాను సార్," అంది రజియా, "ఈ పలక ఎవరైనా కొంటే చూడండి. నాన్నని బాధపెట్టి నేను గియ్యలేను." ఆ పిల్ల చేతిలో ఉన్న పనితనం అంతా ఆ ఒక్క మాటతో మూలపడబోతోంది.

తలొంచుకుని కూర్చున్నవాణ్ణి నేలమీద హుసేన్‌బీ తడి అడుగులు చూశాను. ఆవిడ వీధివైపు అంట్లు తోముతూ లేచి వచ్చింది. రజియా కాళ్ళకు రబ్బరు చెప్పులున్నాయి. టెస్టరు తీసి కంప్యూటరు డబ్బాకు ఆనిస్తే లైటు వెలిగింది. ఓరి నీ! ఇంటికి ఎర్తు పనిచెయ్యడం లేదు. దారితప్పిన కరెంటు భూమిలోకి దిగలేక పెన్ను సంకేతాన్ని చెదరగొడుతోంది. తడి కాళ్ళ మనిషి తాకితే కొంత ఆ మనిషి గుండా దిగిపోతోంది.

ఎర్తు గుంట పెరట్లో కొళాయి పక్కనే ఉంది. ఉప్పూ బొగ్గూ వేసి పాతిన ఆ గుంటలో మట్టి తడిగా ఉన్నంతకాలమే ఎర్తు పనిచేస్తుంది. ఇక్కడ మట్టి నెర్రెలిచ్చింది. పక్కన ఒక రాయి ఉంది. మస్తాన్ ఆ రాయి మీద కూర్చుని నమాజుకు ముందు వజూ చేసుకునేవాడట. పూటపూటా ఆయన కాళ్ళూ చేతులూ కడుక్కున్న నీళ్ళు పారింది ఈ గుంటలోకే. ఆయన పోయాక హుసేన్‌బీ ఆ రాయి మీద ఎవర్నీ కూర్చోనివ్వలేదు, ఆ కొళాయి తిప్పనివ్వలేదు.

ఆ కొళాయి తిప్పమంటే ఆవిడ ముందు తల అడ్డంగా ఊపింది. నేను తిప్పబోతే, "మీరొద్దులే అన్నా" అని తనే తిప్పింది. గుంట గుటగుటా తాగింది. నీళ్ళు బాగా ఇంకాక లోపలికెళ్ళి రజియాను గియ్యమన్నాను. గీత తిన్నగా వచ్చింది. మళ్ళీ గీయించాను. తిన్నగానే ఉంది.

రజియా పెన్ను పక్కన పెట్టింది. "అయితే నాన్న వెళ్ళిపోయినట్టేనా సార్?" అంది.

రిపేరు చేసినందుకు ఏడ్చిన కస్టమరు నా సర్వీసులో ఆమె ఒక్కతే. ఎర్తు సంగతంతా మొదటినుంచీ మళ్ళీ వివరించాను. గుమ్మంలో నిలబడి వింటున్న హుసేన్‌బీ కొంగుతో మొహం తుడుచుకుంది.

"బతికున్నన్నాళ్ళూ ఆ పలకని తిట్టాడు," అంది, "దాన్ని నిలబెట్టింది ఆయన కాళ్ళు కడుక్కున్న నీళ్ళా!"

రజియా ఇప్పటికీ గీస్తోంది. వజూ ఆ రాయి మీదే చేసుకుంటుందని తర్వాత ఫోనులో చెప్పింది. మస్తాన్ చేతి వణుకూ, తెర మీది వణుకూ ఎలా కలిశాయో మాత్రం నాకు తెలియదు. రిపోర్టులో ఎర్తు లోపం అని రాసి ఊరుకున్నాను. ఆ తర్వాత ఏ ఇంటికి వెళ్ళినా మిషను విప్పే ముందు ఒక ప్రశ్న అడిగేవాణ్ణి. ఈ ఇంట్లో రోజూ జరుగుతూ ఈమధ్య ఆగిపోయిన పని ఏదైనా ఉందా అని.