పెద్దమ్మ నడిచిన గీత

పోయిన నెల పెద్దమ్మ గుండెనొప్పితో పోయింది. మరునాడు బేతంచెర్లలో, ఆమె ఇంట్లో, నేను ఫోన్ చూస్తూ కూర్చున్నానని మావాళ్లకు కోపం. "కంట్లో తడి లేదు, ఫోను గీకుతాంది సూడు," అంది అమ్మ, అందరికీ వినబడేలా. నేను చూస్తున్నది పెద్దమ్మ నడిచిన దారి. చెబితే వినేవాళ్లెవరు?

మనుషులు రోజూ ఎక్కడెక్కడికి పోతారో, వాళ్లు ఒప్పుకుంటే, ఫోన్ లొకేషన్‌ను బట్టి గమనించడం కర్నూలులో నా పీజీ ప్రాజెక్టు. అందరికన్నా ముందు ఒప్పుకున్నది బండల పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేసే మా పెద్దమ్మే. వారం తర్వాత చూస్తే మ్యాపు మీద ఒకటే చుక్క. 'ఇల్లు కదలదు' అని రాసుకున్నాను.

అది చదివి వినిపిస్తే కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. "పొద్దన పోతే మాపటికి వస్తాండా గదమ్మే. రాతిపొడి పడితే చెడిపోతాదని ఫోను ఇంట్లో బియ్యం డబ్బా మీద పెట్టి పోతా. నీ మ్యాపు ఆ డబ్బాను సూసిందిలే."

ఆమె తర్వాత ప్రాజెక్టుకు ఒప్పుకున్న ఫ్యాక్టరీ ఆడవాళ్లంతా అంతేనట. నా కాగితాల్లో అందరూ ఇల్లు కదలనివాళ్లే. సాయంత్రం ఎంత కడిగినా ఆమె మడమల పగుళ్లలో తెల్లటి పొడి మిగిలేది. చిన్నప్పటి నుంచీ చూస్తూనే ఉన్నాను, అయినా అలా రాశాను. ఇప్పుడు ఎవరి దగ్గరికెళ్లినా ముందు అడిగేది, ఫోను ఎక్కడ పెట్టి పోతారని. ఆ ప్రశ్న ఆమె ఇచ్చిందే.

నేను చదివి వినిపించిన మరునాటి నుంచి పెద్దమ్మ ఫోనుకు ప్లాస్టిక్ కవరు చుట్టి రవికలో దోపుకుంది. అప్పుడు కనబడింది: శుక్రవారం పని అయ్యాక గీత ఇంటివైపు తిరగదు. స్టేషనుకు పోయి, ప్లాట్‌ఫారం చివర చాలాసేపు ఆగుతుంది. ఏ రైలూ ఎక్కదు. ఎందుకని పెద్దమ్మను అడిగాను.

"ఊరికే కూర్చుంటా పాపా. ఆడ నన్ను నీళ్లియ్యమని ఎవురూ అడగరు."

"మ్యాపులోంచి తీసెయ్యనా?"

"ఎందుకు? నేను పోయిందే గదా. ఉండనీ."

కర్మల రోజు ఆ గీత ఆమె కొడుకు కంటపడింది.

"స్టేషన్లో ఏం పని మాయమ్మకు? తీసెయ్."

"రిపోర్టులో పేరుండదన్నా."

"నాకు తెలుసు గదా. ఊరు ఏమనుకుంటాది?"

"సచ్చినామె పరువు తీస్తాండావు," అంది అమ్మ.

పెద్దమ్మ మాట చెప్పాను. కల్పించానన్నారు. అప్పటి నుంచి అన్న నాతో మాట్లాడడం లేదు. రోజూ నా వేలు ఆ గీత మీదికి పోతుంది, వెనక్కి వస్తుంది.

సోమవారం రిపోర్టు ఇస్తున్నాను. ప్లాట్‌ఫారం చివర, నీడ సగమే పడే సిమెంటు బెంచీ దగ్గర ఆమె గీత ఆగి ఉంటుంది. తీసెయ్యను.