లేబుల్ లేని కొంగ బీరు, బెల్లంపల్లి దాకా

నేను ఊళ్లు తిరిగే మనిషిని కాను. కరీంనగర్‌లో గోడలకు సినిమా పోస్టర్లు అంటించడం నా పని. నాలుగో తరగతిలో పంతులు గారి కుర్చీకి లై పూశాను. లై అంటే మైదాపిండి ఉడకేసిన జిగురు. ఆ దెబ్బతో బడి నన్ను వదిలేసింది, లై మాత్రం వదల్లేదు. ఇప్పుడు నలభై ఐదేళ్లు దాటాయి. ఇంట్లో నేనూ, లై బకెట్టూ ఉంటాం. అలాంటివాడు రెండు బీరు సీసాలు సంచిలో వేసుకొని, బస్సూ రైలూ ఎక్కి బెల్లంపల్లి బొగ్గు బాయిల దాకా వెళ్లాడంటే కారణం ఉండాలి కదా. ఆరేళ్ల కింద ఒక సీసాకు నేనంటించిన లేబులే ఆ కారణం.

ముందు ఆ బీరు సంగతి చెప్పాలి. హైదరాబాద్ దగ్గరి ఫ్యాక్టరీలో కాచే లాగర్ అది. లేబుల్ మీద ఒంటికాలి కొంగ ఉంటుంది కాబట్టి మేమంతా కొంగ బీరు అంటాం. ఆ ఫ్యాక్టరీని బొంబాయి కంపెనీ ఒకటి కొన్నప్పటి నుంచి దానికి విలువ పోయింది. "కంపెనీదైనంక నీళ్లు కలుపుతుండ్రు" అనడం మా ఊళ్లో పెద్దమనిషి తరహా. అలా అన్నవాడే రెండో సీసా మూత తీయమంటాడు. కోస్తా జిల్లాల్లో మద్యనిషేధం ఉంది కాబట్టి అక్కడి నుంచి ఆఫీసు పని మీద వచ్చేవాళ్లు కూడా "ఇదేం బీరండీ" అంటూ మూడు సీసాలు ముగించి లేస్తారు. సీసా మూడు రూపాయలు.

రాజలింగం గోలీ సోడాలు చేసేవాడు. నీళ్లు నాలుక మీద పెట్టుకొని అవి ఏ బావివో చెప్పేవాడు. ఆ నాలుకకు ఊళ్లో పేరుండేది, ఆ పేరు మీదే అతని సోడా అమ్ముడుపోయేది. మేమిద్దరం రోజూ సాయంత్రం ఒక సీసా పంచుకునేవాళ్లం. అతనూ కొంగ బీరును తిడుతూనే తాగేవాడు. ఒకరోజు నాకు బుద్ధి పుట్టింది. డాక్ బంగ్లా వంటాయన దగ్గర ఖాళీ విలాయతి సీసా సంపాదించి, దాని లేబుల్ నానబెట్టి ఊడదీసి, కొంగ బీరు సీసాకు లైతో అంటించాను. బస్టాండు పక్క హోటల్లో పదిమంది ముందు రాజలింగానికి పోశాను. అతను కళ్లు మూసుకొని గుక్క మింగి, "ఇదిరా బీరంటే. ముందుగల జొన్న పేలాల వాసన, ఆఖరుకు యాప పుల్ల చేదు. జిందగిల గిసొంటిది తాగలే" అన్నాడు. నేను గోరుతో లేబుల్ లేపి కింది కొంగను చూపించాను. హోటలంతా నవ్వింది. తెల్లారేసరికి అతని పేరు ఫారిన్ రాజలింగం అయింది. "ఫారిన్ సోడా ఒకటియ్యి" అని దుకాణం ముందు నిలబడి నవ్వేవాళ్లు. ఏడాది తిరగకముందే అతను దుకాణం మూసి బెల్లంపల్లి బాయి పనికి వెళ్లిపోయాడు. వెళ్లేముందు నాతో ఒక్క మాట మాట్లాడలేదు.

పోయిన వేసవిలో ఒక సాయంత్రం ఒక్కణ్నే కూర్చొని కొంగ బీరు తాగుతున్నాను. ఎప్పటి అలవాటో, రెండు గ్లాసులు కడిగి పెట్టాను. ఆట పట్టించడానికి ఎదురుగా ఎవరూ లేకపోతే నాలుకకు కొంచెం పని దొరుకుతుంది. గుక్క మింగగానే జొన్న పేలాలు వేయించిన వాసన వచ్చింది. తర్వాత, గొంతు దగ్గర, వేప పుల్ల చేదు. రాజలింగం చెప్పింది చెప్పినట్టు ఉంది. ఆ రోజు ఆ హోటల్లో ఆ బీరు రుచి తెలిసింది అతనొక్కడికే. మేమందరం లేబుల్ తాగి నవ్వాం. ఆ మాట అతనికి చెప్పాలనిపించింది. చెప్పాలని అనుకుంటూనే ఇంకో ఏడాది గడిపాను. చివరికి ఈ చైత్రంలో బయలుదేరాను.

మీరూ వెళ్లదలిస్తే దారి తేలికే. పొద్దున ఏడింటికి కరీంనగర్ నుంచి పెద్దపల్లి బస్సుంది, టికెట్ రూపాయి. గంటంబావులో దింపుతుంది. నేను గోనె సంచిలో రంపపు పొట్టు పోసి, ఐసు ముక్కలు వేసి, మధ్యలో రెండు సీసాలు పెట్టుకున్నాను. సుల్తానాబాద్ దాటేసరికి సంచి కింద మడుగు కట్టింది. కండక్టర్ వచ్చి కాలెత్తి చూసుకున్నాడు.

"ఏందే పెద్దమనిషీ, సంచిల చాపలా?"

"కాదు. అల్లుడు. సుట్టమై వచ్చిండు, లేవనంటె ఐసుల పెట్టి దిగవెట్ట వోతున్న."

ముందు సీట్లో కోడిపెట్టను ఒళ్లో పెట్టుకున్న ముసలమ్మ వెనక్కి తిరిగింది. "నీ అల్లుడు మంచోడే బిడ్డా, సప్పుడు చేస్తలేడు. మా అల్లుని గూడ జర గా ఐసుల వెట్టరాదు" అంది. బస్సు నవ్వింది, నేనూ నవ్వాను. పెద్దపల్లిలో అందరూ ఎవరి దారిన వాళ్లు దిగిపోయారు. నా పద్ధతి ఎప్పుడూ ఇంతే. నవ్వించినంతసేపే తోడు.

పెద్దపల్లి స్టేషన్ బయట పకోడీలు వేసే ఆమె దగ్గర ఉడికించిన శనగ గుడాలు దొరుకుతాయి. పావలాకు ఆకు నిండా పెడుతుంది, ఉల్లిగడ్డ అడిగితేనే వేస్తుంది, అడగండి. పక్కనే సోడా బండి దగ్గర ఇంకో దిమ్మె ఐసు కొని సంచి నిండా కుక్కాను. ఉత్తర దిక్కు ప్యాసింజరు పదింటికి రావాలి, పన్నెండింటికి వచ్చింది. మూడో తరగతి టికెట్ రూపాయిన్నర దాటుతుంది. ఎడమ వైపు కిటికీ పట్టుకోండి. రామగుండం దాటాక గోదావరి వంతెన వస్తుంది. ఎండాకాలంలో నీళ్లు సన్నగా, ఇసుక వెడల్పుగా ఉంటుంది. రైలు డబ్బాలో అందరూ దండం పెట్టి పైసలు విసిరారు. నేను సంచి మీద చెయ్యి వేసి, అతను నన్ను గుమ్మంలోనే వెళ్లిపొమ్మంటే ఏం చేయాలా అని ఆలోచించాను. ఆటలాడేవాడికి ఇదొక శిక్ష. ఏ మాట చెప్పబోయినా ఎదుటివాడు ముందే నవ్వడానికి సిద్ధంగా ఉంటాడు, లేకపోతే కొట్టడానికి.

బెల్లంపల్లిలో దిగేసరికి రెండు దాటింది. స్టేషన్ నుంచి కార్మికుల ఇళ్ల వరుసలు పావుగంట నడక. బట్టలారేసిన తీగల మీద కూడా నల్లటి దుమ్ము ఉంది. బావి దగ్గర ఒకామెను అడిగితే "ల్యాంపు రూము రాజలింగం బావనా?" అని ఇల్లు చూపించింది. బాయిలోకి దిగేవాళ్లకు దీపాలిచ్చి, ఎక్కాక తిరిగి తీసుకునే గది అది. గుమ్మంలో అతని భార్య సత్తెమ్మ నన్ను చూసి, చేతిలో చేట పక్కన పెట్టింది.

"లేబుళ్ల పోచన్నవు గద. గీడికి గూడ వచ్చినవా?"

"మాట్లాడి పోదామని వచ్చిన చెల్లే."

"ఇంట్ల విఠోబ పటమున్నది, గా సంచి తీస్కొని లోపటికి రాకు. వాకిట్ల మంచమ్మీద కూసో. డ్యూటీ దిగే యాళ్లయింది."

సైరన్ మోగిన కాసేపటికి రాజలింగం వచ్చాడు. జుట్టు సగం తెల్లబడింది. నన్ను చూసి ఆగాడు, కాళ్లు కడుక్కున్నాడు, వచ్చి మంచం అటు చివర కూర్చున్నాడు. నేను సంచి మూతి విప్పి సీసా బయటికి తీశాను. సీసా బోడిగా ఉంది. రెండోదీ అంతే. లేబుళ్లు రెండూ ఐసు నీళ్లకు నాని, ఊడి, సంచి అడుగున పొట్టుతో కలిసి ముద్దయ్యాయి. ముద్దలో కొంగ కాలొకటి కనిపిస్తోంది.

రాజలింగం సీసా అందుకొని, బొటనవేలి గోరుతో గాజు మీద ఒకసారి గీకి చూశాడు.

"గీసారి ఏ దేశపుదిరా పోచిగా?"

"మనదేరా. కొంగదే. లేబుల్ తడిసి ఊడింది."

"ముప్పయ్యేండ్ల సంది లై పూస్తున్నవ్. నీళ్లకు ఊడ్తదని నీకు తెల్వదా?"

తెలుసు. ఆనాడు విలాయతి లేబుల్ ఊడదీసింది కూడా నానబెట్టే. దారిపొడుగునా అనుకొని వచ్చిన మాటలన్నీ ఒక్క ముక్కలో చెప్పాను. "నువ్వు ఆనాడు చెప్పింది నిజమే రాజలింగూ. పేలాలు, యాప పుల్ల. నీ నాలుక తప్పుగాదు. మేమే తప్పు. నమ్మకుంటె తాగి సూడు."

అతను అంగీ గుండీ విప్పి, మెడలోని తులసిమాల బయటికి తీశాడు. "చాందా దోస్తు ఒకడు పండరికి తోల్కపోయిండు. మాలేసుకొని మూడేండ్లాయె. మందు ముట్ట."

ఆ సీసాలో ఏముందో లేబుల్ లేకుండా చెప్పగల నాలుక లోకంలో ఒక్కటే ఉంది, అది ఇప్పుడు మాల వేసుకుంది. సీసా అతని చేతిలోంచి తీసుకొని మళ్లీ సంచిలో పెట్టబోయాను. అప్పుడతనే, "మూత తియ్యి. గ్లాసుల పొయ్యి" అన్నాడు. పోశాను. నేలకు నాలుగు చుక్కలు వదిలాను. అతను వంగి, నా చేతిలోని గ్లాసు మీద ముక్కు పెట్టి కళ్లు మూసుకున్నాడు.

"పేలాలు," అన్నాడు. తర్వాత, "తాగు, సల్లదనం పోతది" అన్నాడు.

తాగాను. అతను నా గొంతు వైపే చూస్తున్నాడు.

"ఆఖరుకు యాప పుల్ల ఉన్నదా?"

"ఉన్నది."

"అబద్ధమాడకు."

"ఉన్నదిరా."

"అయితె బొంబాయోల్లు మంచిగనే కాస్తుండ్రు." రెండో సీసా నా వైపు జరిపి, "నువ్విప్పుడు చెప్పిన మాట గీడ ఎవలిన్నరు? నేనూ, సత్తెమ్మ. ఆనాడు నవ్వినోల్లు ఇన్నరా? రెండోది ఎనుకకు తీస్కపో. గా హోటల్ల, గా బల్ల కాడ పొయ్యి. నా పేరు చెప్పి తాగు" అన్నాడు. సత్తెమ్మ నాకు సర్వపిండి ముక్క పెట్టింది. ఐదున్నర బండికి స్టేషన్ దాకా నేనొక్కణ్నే నడిచాను.

మర్నాడు సాయంత్రం అదే హోటల్లో, అదే బల్ల మీద బోడి సీసా పెట్టాను. ఆ రోజు నవ్విన పదిమందిలో ముగ్గురే ఉన్నారు. కొందరు పోయారు, కొందరు ఊరు మారారు. లేచి నిలబడి, రాజలింగం చెప్పిందే నిజమని, తప్పు నాదని చెప్పాను. ముగ్గురూ చెవులప్పగించి విన్నారు. విన్నాక ఒకడు సీసా తిప్పి చూసి, "పోచన్న మల్ల ఏదో ఏషమేస్తుండు, లేబులేదే?" అన్నాడు. అందరూ కడుపు పట్టుకొని నవ్వారు. నేను ఒక్కణ్నే తాగాను. చల్లగా లేకపోయినా రుచి ఎక్కడికీ పోలేదు.

నా నోటి మాట ఎవరూ నమ్మరని ఆ రోజు తేలిపోయింది. తప్పు వాళ్లది కాదు, ముప్పై ఏళ్లుగా నేనే అలా నేర్పాను. అందుకే ఈ ప్రయాణాన్ని అచ్చుకిస్తున్నాను. ఒక కాపీ బెల్లంపల్లి పంపుతాను, ఒకటి ఆ హోటల్ గోడకు నా లైతోనే అంటిస్తాను. రాజలింగం నాలుక తప్పు కాదు, కొంగ బీరు మంచి బీరు. మీరు తాగి చూడండి, ఎవరితోనైనా కలిసి తాగగలిగితే ఇంకా మంచిది. దూరం తీసుకెళ్లేటట్టయితే మాత్రం, ఐసులో పెట్టకముందే సీసాకు మైనపు కాగితం చుట్టి, పైనా కిందా దారం బిగించి కట్టండి. ఇందులో పరాచికం ఏమీ లేదు.