కూర్చుని తాగిన తరవాణి

పరుగు పందెం మధ్యలో నింపాదిగా కూర్చుని దాహం తీర్చుకునే ధైర్యం మనిషికి ఎక్కడి నుంచి వస్తుంది? నాకు డెబ్బై నాలుగేళ్లు వచ్చాయి. జవాబు ఇంకా దొరకలేదు.

పుణ్యవతిది ఒడిశా సరిహద్దులోని గిరిసోల దగ్గర పల్లె. ఊడ్పులకూ కలుపులకూ వెళ్లే మనిషి. కూతురు నాగశ్రీ పోలీసు ఉద్యోగం కోసం తెల్లవారక ముందే పరుగు సాధన చేస్తుంటే, పిల్లని ఒంటరిగా పంపలేక తనూ వెంట పరిగెత్తింది. కూతురికి ఉద్యోగం వచ్చింది. తల్లి మాత్రం పరుగు మానలేదు. నలభై ఆరో ఏట బరంపురం వచ్చి, మా లంజిపల్లి వాకింగ్ క్లబ్బు పెట్టే నలభై దాటిన ఆడవాళ్ల నాలుగు చుట్ల, పది కిలోమీటర్ల పందెంలో పేరిచ్చింది. మొదటి ఇద్దరిని భువనేశ్వర్ పోటీకి పంపుతారు. ఆమెకు కావలసింది అదే.

మొదటి ఏడు మూడో చుట్టులో రెండో మనిషిగా ఉంది. క్లబ్బు నడిపే గౌరీశంకర్ రిటైరైన డ్రిల్లు మాస్టారు. పక్కనే నాలుగడుగులు పరిగెత్తి నీళ్ల సీసా అందించాడు. ఎవరి ఎంగిలో తెలియని సీసా. మూతి పెట్టకుండా, పరిగెడుతూనే ఎత్తి పోసుకుంది. పొలమారింది. దగ్గుకుంటూ నాలుగోదిగా వచ్చింది.

మరుసటి ఏడు పందెం నాటి పొద్దున్న గౌరీశంకర్ ముందే హెచ్చరించాడు.

“ఈసారి గ్లాసులు పెట్టించాను అక్కా. ఒక్క గుటక మింగి పో.”

“నాను కూసునే తాగుతాను మాస్టారూ.”

“పందెంలోనా?”

“నిలబడి తాగిన నీళ్లు మోకాళ్లలోకి దిగిపోతాయని మాయమ్మ సెప్పీది. పరిగెడతా తాగితే ఏటవుద్దో పోయినేడు మీరే సూసేరు.”

“అయితే అసలు తాగకు. మా రోజుల్లో పరుగు అయ్యేదాకా చుక్క ముట్టనిచ్చేవారు కాదు.”

“అందుకే కావాల, మీకు ఈల మిగిలింది, పరుగు మిగల్లేదు.”

గౌరీశంకర్ నవ్వాపుకోలేక అవతలికి పోయాడు. నీళ్ల టేబుల్ దగ్గర, వచ్చిన వరసలో పేర్లు రాసే కాగితంతో కూర్చున్న నాకు ఆమె స్టీలు క్యాను అప్పగించింది. అందులో తరవాణి. రాత్రి అన్నంలో పోసి పులియబెట్టిన నీళ్లు, ఉప్పు, నలిపిన దబ్బాకు. వాసన చూసి పక్కనున్న ఒడియా ఆవిడ, “ఇది మా తొరాణి కదా,” అంది.

“మీదీ మాదీ ఒకటే కుండలేమ్మా,” అంది పుణ్యవతి.

రెండో చుట్టు అయ్యేసరికి మూడోదిగా వచ్చింది. రోడ్డు పక్కకు జరిగి గొంతుక్కూర్చుంది. జనంలో ఎవరో కూలబడిపోయిందన్నారు. ఇద్దరు స్ట్రెచరు పట్టుకుని పరిగెత్తుకొచ్చారు. ఆమె నేను క్యానులోంచి పోసిచ్చిన గ్లాసు ఎత్తి, పెదవికి తగలనీయకుండా, తొందర లేకుండా నాలుగు గుటకలు పోసుకుంది. చీరకొంగు అలవాటున భుజం మీద వెతికి, టీషర్టు చేతితో మూతి తుడుచుకుంది.

“మీరూ కూసోండి బాబూ, ఆయాసపడతన్నారు,” అని స్ట్రెచరు వాళ్లతో అని లేచింది. ఈలోగా ఇద్దరు ఆమెను దాటిపోయారు.

మూడో చుట్టులో ఆ ఇద్దరినీ వెనక్కి నెట్టింది. ముందు రెండో మనిషిగా ఉమాదేవి ఉంది, బ్యాంకు ఉద్యోగి. మధ్యలో తాగితే డొక్కలో పోటొస్తుందని ఆవిడ నమ్మకం. పొద్దుటి నుంచీ చుక్క ముట్టలేదు. ఆఖరి చుట్టులో ఎండ ముదిరింది. ఉమాదేవి పిక్కలు పట్టేసి, అడుగు తీసి అడుగు వెయ్యలేకపోతోంది. ముగింపు గీత ఉన్న గేటుకు వంద గజాల్లో పుణ్యవతి ఆమెను దాటుతూ, “నెమ్మదిగా రా అమ్మా, పడిపోగలవు,” అంది.

గీత దాటాక ఆగకుండా నేరుగా నా టేబుల్ దగ్గరికే వచ్చింది.

“రాసేరా బాబూ?”

“రాశాను. రెండో పేరు నీదే.”

“సదివి ఇనిపించండి.”

చదివాను. ఊరి పేరు కూడా చదవమంది. అదీ చదివాను. కాగితం మీద ఆ చోట వేలు ఆనించి, సిరా తడి లేదని చూసుకుని తీసింది.

గౌరీశంకర్ మైకు అందుకున్నాడు. “మన పుణ్యవతక్క కూర్చుని కూడా ఎలా గెలిచిందో ఇప్పుడు తానే చెబుతుంది,” అన్నాడు. చప్పట్లు పడ్డాయి. రెండోసారి పిలిచాడు. నేను తలెత్తేసరికి టేబుల్ ముందు ఎవరూ లేరు. గేటు అవతల స్టేషన్ వైపు తిరుగుతున్న ఆటోలో, డ్రైవరు పక్కన సగం సీటు మీద, పుణ్యవతి వెనక్కి చూడకుండా పోతోంది.