పత్తి చేనులో హాజరు

బడులు మూతపడ్డాయని, ఇక పాఠాలు టీవీలోనే చెబుతారని తెలిసిన రోజు మా ఇంట్లో అందరికంటే ఎక్కువ సంబరపడ్డది నేనే. నేను మూడో తరగతి దాటని మనిషిని. ఈ వయసులో కూర్చున్నచోటికే బడి వస్తుందంటే సంబరం కాదా మరి! గద్వాల నుంచి మా ఊరికి బస్సు కూడా రాని రోజులవి. పక్కింటివాళ్ళు దగ్గితే మేము తలుపు వేసుకునేవాళ్ళం, మేము దగ్గితే వాళ్ళు వేసుకునేవాళ్ళు. అట్లాంటప్పుడు లెక్కల సారూ, సైన్సు టీచరమ్మా మా ముందరి గదిలోకి వచ్చేశారు.

మనవరాలు అప్పుడు పదో తరగతిలోకి వచ్చింది. మొదటి పాఠానికి తలస్నానం చేసి, రెండు జడలు వేసుకొని, యూనిఫాం తొడుక్కొని టీవీ ముందు కూర్చుంది. పక్కింటి దర్జీ సాయబు కూతురు దీని దోస్తు, అదే తరగతి. వాళ్ళింట్లో టీవీ చెడిపోయి ఉండటంతో ఆ పిల్ల కూడా మా ఇంటికే వచ్చేది. దూరం దూరం కూర్చోవాలన్నారని చాపకు చెరో కొసన కూర్చునేవారు. పాఠం మొదలైన కాసేపటికే ఇద్దరూ నడుమకు జరిగి ఒకే పుస్తకంలో తలలు పెట్టేవారు. వాళ్ళ వెనకాల నేను చేటలో కందిపప్పు పోసుకొని కూర్చునేదాన్ని. రాళ్ళు ఏరుకుంటూ నేను కూడా చాలానే విన్నాను. మనిషి గుండెకు నాలుగు గదులుంటాయని నాకు అక్కడే తెలిసింది. మా ఇంటికి ఉన్నవి రెండే.

టీవీ సారుతో చిక్కేమిటంటే ఆయన ఆగడు. మనవరాలు చెయ్యెత్తి, "సార్, గది మల్లొకసారి చెప్పండి" అనేది. ఆయన నవ్వుతూ ఇంకో లెక్కకు పోయేవాడు.

ఒకరోజు నేనే ఉండబట్టలేక, "జర ఆగు సారూ, పిల్ల అడుగుతుంది కద" అన్నాను.

ఇద్దరూ చాప మీద పడీ పడీ నవ్వారు. "అవ్వా, ఆయనకు ఇనపడదే!"

"ఇనపడకపోతే గంత గట్టిగ ఎవరికి చెప్తుండు మల్ల?" అన్నాను.

అట్లా కొన్నాళ్ళు బాగానే గడిచింది. తర్వాత పత్తి పూతకొచ్చింది. ఆ ఏడు అన్నీ ఆలస్యమే, మా పత్తి కూడా ఆలస్యంగానే పూసింది.

మా వైపు పండించేది బట్టకు పోయే పత్తి కాదు, విత్తనానికి పోయేది. సీడు పత్తి అంటారు. దాని పువ్వుకు పువ్వును మనిషే కలపాలి. రేపు విచ్చుకోబోయే మొగ్గను ఈ సాయంత్రమే పసిగట్టి, గోటితో పైపొర వలిచి, లోపలి పుప్పొడి తీసేసి, గుర్తుకు ఒక ఎర్ర కాగితం ముక్క తగిలించాలి. తెల్లవారాక మగ చెట్ల పూలు తెంపుకొచ్చి, ఎర్ర గుర్తున్న ప్రతి మొగ్గకూ రుద్దాలి. ఎండ ముదిరాక రుద్దితే లాభం లేదు. టీవీలో పదో తరగతి పాఠం వచ్చేదీ సరిగ్గా ఈ రుద్దే వేళకే.

ప్రతి ఏడూ వీపనగండ్ల వైపు నుంచి కూలీలు వచ్చేవారు. రోగం భయానికి ఆ ఏడు ఒక్కరూ రాలేదు. నా కొడుకు ట్రాక్టరు మీద ఊరూరా తిరిగేవాడు, ఇంట్లో ఉన్న ఒక్క పెద్ద ఫోను వాడి జేబులో తిరిగేది. చేను మొత్తం కోడలి మీద పడింది. కోడలిది అమరచింత, మగ్గాల ఇల్లు. పత్తిని చెట్టు మీద చూసింది పెళ్ళయ్యాకనే. ఇప్పుడు మాత్రం చేను అంటే ప్రాణం పెడుతుంది.

"రేపటి సంది పిల్లను చేన్లకు తోల్కపోత అత్తా" అన్నది ఒక సాయంత్రం.

"పాఠమో?"

"పాఠం మల్ల ఎప్పుడన్న చెప్తరు. పువ్వు మల్ల పూస్తదా?"

మరునాడు పొద్దున మనవరాలు దోస్తు కోసం టీవీ పెట్టి, తను తల్లి వెంట పోయింది.

పత్తి పని ఉందని బడి మాని, పత్తి అయిపోయాక కూడా బడి మెట్టెక్కని ఆడపిల్లలను మా ఊళ్ళో ఎందరినో చూశాను. ఈ పిల్లకేమో వనపర్తిలో కాలేజీ చదవాలని ఆశ. ఇది కూడా వాళ్ళలాగే ఆగిపోతుందేమోనని నాకు అన్నం సహించలేదు. కోడలితో అదే అన్నాను.

"నాకు లేదా అత్తా గా భయం? పువ్వు కండ్ల ముంగట రాలుతుంటే నేనేం చేద్దు చెప్పు" అన్నది.

దోస్తు మాత్రం మంచి పిల్ల. పొద్దున ఒక్కతే పాఠం చూసేది. సాయంత్రం చేనికి పోయి, మొగ్గలు వలుస్తున్న మా పిల్ల వెనకాలే సాళ్ళలో నడుస్తూ అంతా ఒప్పజెప్పేది. సోషలు, సైన్సు అట్లా నడుస్తూనే వచ్చాయి. లెక్కలు మాత్రం రాలేదు. లెక్కలకు కూర్చోవాలట.

ఒకరోజు పొద్దున నేను జొన్నరొట్టెలు మూటగట్టుకొని చేనికి పోయాను. గట్టు మీద మూట దించానో లేదో, పక్క చేను నుంచి "ఓహోయ్" అని కూత వినిపించింది. దాని అర్థం మా వైపు అందరికీ తెలుసు. సీడు పత్తి చేలల్లో పిల్లలు పని చేస్తున్నారా అని చూడటానికి ఆఫీసర్లు వస్తుంటారు. కొత్త బండి కనిపిస్తే ముందు చూసినవాళ్ళు కూత పెడతారు, పిల్లలు ఉన్నచోటే కింద కూర్చుంటారు. పత్తి భుజాలెత్తు పెరిగి ఉంది. కోడలు మనవరాలి తల పట్టి, "కూసో, కూసో" అని కిందికి నొక్కింది.

మోటార్ సైకిలు దిగిన మనిషికి ముఖాన మాస్కు, నెత్తిన టోపీ, భుజాన సంచి. కళ్ళు తప్ప ఏమీ కనిపించలేదు.

"అమ్మా, ఈ చేన్ల పదో తరగతి పిల్ల ఉన్నదంట?" అన్నాడు.

"ఎవరు చెప్పిండ్రు సార్? ఈడ పిల్లలు లేరు. నేను, మా అత్త. గంతే" అన్నది కోడలు.

"మీ బిడ్డ లేదా?"

"నాకు బిడ్డనే లేదు సార్."

ఆమెకు పురుడు పోసింది నేనే.

"మరి గా చెట్లెందుకు కదులుతున్నయి?"

"గాలికి."

ఆకు కదలని ఎండ అది. ఆ మనిషి ఆకాశం వైపు చూశాడు, నా వైపు చూశాడు. నేను రొట్టెల మూట ముడి సరిచేసుకున్నాను. ఆయన బండి దాకా పోయి, ఏమనుకున్నాడో ఏమో, వెనక్కి తిరిగి బడిలో పిలిచినట్టు గొంతెత్తి పిలిచాడు.

"రోల్ నంబర్ పదకొండు!"

"ప్రెజెంట్ సార్!"

చేను నడిమిలోంచి మా పిల్ల లేచి నిలబడింది. చేతుల నిండా పసుపుపచ్చ పుప్పొడి, ముక్కు మీద కూడా అంటుకుంది. నోరు జారాక గానీ ఏం చేసిందో దానికి తెలిసిరాలేదు. రెండు చేతులతో నోరు మూసుకుంది.

ఆయన మాస్కు కిందికి లాగి నవ్వాడు. చూస్తే వాళ్ళ బడి లెక్కల సారు! ఎవరు పాఠాలు చూస్తున్నారో, ఎవరు చూడటం లేదో కనుక్కోవడానికి ఊరూరా తిరుగుతున్నాడట.

"బిడ్డనే లేదంటివి కదమ్మా?"

కోడలు కొంగులో ముఖం దాచుకుంది. ఇక నేనే అందుకున్నాను. "ఇప్పుడే పుట్టింది సారూ. పదో తరగతితోని పుట్టింది."

పక్క చేనువాళ్ళు కూడా నవ్వారు. సారు మనవరాలి వైపు తిరిగాడు. "ఫోన్ల ఎప్పుడడిగినా కడుపునొప్పని చెప్తది నీ దోస్తు. గిన్నొద్దుల సంది కడుపునొప్పి ఉంటే దవాఖానల ఉండాలె గాని చేన్లెందుకున్నవ్? ఇయ్యాల మీ ఇంటికే పోయి నిలదీస్తే అప్పుడు చెప్పింది."

"లెక్కలు సమజైతలేవు సార్" అన్నది మనవరాలు. అట్లా అంటూనే ఏడ్చేసింది. చేలో ఇన్నాళ్ళూ కిక్కురుమనని పిల్ల.

అది చూసి కోడలి ముఖం మారిపోయింది. "నేను చదువు మానిపియ్యలే సార్. కూలోళ్ళు లేరు. పొద్దుగాల పువ్వు రుద్దకపోతే పంట లేదు. మీరే చెప్పుండ్రి."

"నాకేం తెలుస్తదమ్మా పత్తి గురించి. పొద్దటి పాఠం ఒక్కటి చూడనియ్యండి. సమజ్ కానిది శనారం నేనే వచ్చి చెప్తా" అన్నాడు.

అప్పుడు నేను అన్నాను, "పొద్దటి పని నేను చేస్తా."

"నీకు కండ్లు యాడ ఆనుతయి అత్తా?"

"మొగ్గ వలుచుడు నాతోని కాదు. గా పని పిల్ల పొద్దుమీకి చేస్తది. రుద్దుడుకేముంది? ఎర్రది యాడ కనపడితే ఆడ రుద్దుడే కద."

కోడలు నా దగ్గర రొట్టెల మూట అందుకుంది. తర్వాత, "సరే, తొందరపడి కొమ్మలిరగ్గొట్టకు" అన్నది. అంటే ఒప్పుకున్నట్టే.

ఆ సాయంత్రం మనవరాలూ దోస్తూ కలిసి కాగితం ముక్కలు కత్తిరించారు. మామూలు గుర్తులు గోరంత ఉంటాయి, వాళ్ళు అరచేయంత కత్తిరించారు. మరునాడు పొద్దున మా చేను జాతరకు తయారైనట్టు ఎర్రగా వెలిగిపోయింది. దారిన పోయేవాళ్ళు, "ఏంది పెద్దమ్మా, జెండాల పండుగనా?" అని ఎగతాళి చేశారు. చెయ్యనీ. నేను ఒక్కొక్క జెండా దగ్గరా ఆగి, మొగ్గ గడ్డం పట్టుకొని రుద్దుకుంటూ పోయేదాన్ని. పాఠం అయిపోగానే మనవరాలు పరుగెత్తుకొచ్చి, నేను మరిచిపోయిన సాలు అందుకునేది. శనివారం సారు వస్తే ఇద్దరు పిల్లలూ గట్టు మీద కూర్చొని లెక్కలు చేసేవారు.

చలికాలం పోయాక బడి మళ్ళీ తెరుస్తారన్నారు. అప్పటికి పత్తి పగిలి, ఏరే పని ముమ్మరంగా ఉంది. ఒక్క చెయ్యి తగ్గినా కష్టమే. బడి తెరిచిన పొద్దున మనవరాలు తువ్వాల భుజాన వేసుకొని, చేనికా బడికా అన్నట్టు తల్లిని చూస్తూ గడపలో నిలబడింది.

కోడలు లోపలి నుంచి యూనిఫాం తెచ్చి దాని చేతిలో పెట్టింది. ఇంట్లో ఉన్నన్నాళ్ళలో పిల్ల ఇంతెత్తు ఎదిగింది. ఎప్పుడు చేసిందో తెలియదు, ప్యాంటు అంచు విప్పి, కిందికి దించి మళ్ళీ కుట్టింది. పాత మడత ఉన్నచోట ముదురు రంగు గీత నిలిచిపోయింది.

"అమ్మా, గీత కనపడుతుంది" అన్నది మనవరాలు.

"కనపడనీ. పెరిగినవని తెలుస్తది. బిరాన తయారు కా, నీ దోస్తు బయట నిలబడ్డది."

ఇద్దరు పిల్లలూ సందు మలుపు తిరిగేదాకా కోడలు గడపలోనే ఉన్నది. తర్వాత పత్తి ఏరే సంచులు రెండు తెచ్చి ఒకటి నాకిచ్చింది. మేమిద్దరం చేనికి పోయాం.