కణుజు కొమ్ముకు వేసిన పలుపు

నా రిటైర్మెంటు ఇంకా రెండేళ్ళుందనగా, గోదావరికి పెద్ద వరద వచ్చిన ఒక ఆగస్టులో, మామిడికుదురు వైపు ఒక పశువైద్యశాలలో అసిస్టెంట్ డైరెక్టర్‌గా ఉన్నాను. వరద డ్యూటీ అంటే లంకల్లోని పశువుల్ని గట్టుకు చేర్పించడం, గొంతువాపు టీకాలు వేయించడం. ఆ హడావుడిలో ఉండగా మధ్యాహ్నం రెండింటికి సత్తిరాజు గారనే రైతు ఫోన్ చేశారు. తన లంకతోటలో గుర్రమంత దుప్పి నిలబడి ఉందట.

పడవలో వెళ్ళి చూస్తే అది కణుజు, మన దుప్పులన్నిటిలోకీ పెద్దది. ఉండాల్సింది పాపికొండల అడవిలో. ఏదైనా తరిమితే కణుజు నీళ్ళలోకి దిగి ఈదుతుంది. ఆ అలవాటే దాన్ని వరదలో పడేసి ఇక్కడిదాకా తెచ్చి ఉండాలి.

అడవి జంతువు అటవీశాఖది, మేం చేసేది సాయం మాత్రమే. నేను ఫోన్ చేస్తే రేంజరు మత్తు తుపాకీతో బయల్దేరారు గాని మూడు గంటలు పడుతుందన్నారు. తోటలో నీళ్ళు అప్పటికే మోకాలి లోతున ఉన్నాయి. గంటలో నడుములోతు అవుతాయని సత్తిరాజు గారు చెప్పారు. నా సంచిలో పశువులకిచ్చే మత్తు ఇంజక్షను ఉంది. కానీ మత్తెక్కిన జంతువు తల నిలపలేదు, నీళ్ళలో పడితే మునిగిపోతుంది. అలాగని వదిలేస్తే మళ్ళీ ప్రవాహంలోకి దిగుతుంది, ఆ దిగువన సముద్రమే. తాడుతో పట్టాలని నిర్ణయించాను.

ముప్ఫై ఏళ్ళు ఆవుల్నీ గేదెల్నీ పట్టిన చెయ్యి నాది. కొమ్ములకు పలుపు వేసి కొబ్బరిచెట్టుకు చుట్టమన్నాను. మా అటెండరు ఏసురత్నం గారు ఉచ్చు విసరడంలో దిట్ట, మొదటి విసురుకే పడింది. కణుజు ముంగాళ్ళెత్తి వెనక్కి గుంజింది. ఫట్‌మని ఎడమ కొమ్ము సగానికి విరిగి వేలాడింది. రక్తం ధారగా కారి నీళ్ళు ఎర్రబడ్డాయి. కొమ్ములోంచి అంత రక్తమేమిటి!

జంతువు మోకాళ్ళ మీద కూలింది. దాన్ని అదిమిపట్టిన ఏసురత్నం గారి చెయ్యి రెండో కొమ్ము మీద పడింది.

“డాక్టరు గారండీ, ఇది కొమ్ము కాదండి. దూడ ఒళ్ళులాగా వెచ్చగా ఉందండి. తాడు తీయించేయండి.”

అప్పుడు గుర్తొచ్చింది, ఎప్పుడో చదివి పరీక్ష రాసిన పాఠం. ఆవు కొమ్ము జీవితాంతం ఉండేది. దుప్పి కొమ్ము ఏటా రాలి మళ్ళీ మొలుస్తుంది. వానాకాలంలో దాని మీద నూగు చర్మం ఉంటుంది, లోపల రక్తం పారుతూ ఉంటుంది. ఒండ్రు పట్టి ఉండటంతో నేను ఆ నూగు చూడలేదు. అసలు చూడాలనే తోచలేదు.

తాడు తీయించి కాళ్ళకు బందం వేశాం. పడవలో ఉన్న సైకిల్ ట్యూబు ముక్క కొమ్ము మొదట్లో బిగించాను. తడి తువ్వాలు కళ్ళకు కట్టి, ఎవరూ మాట్లాడవద్దన్నాను. భయంతో గింజుకున్న దుప్పికి కండరాలు చెడి, పట్టుకున్న నాలుగో రోజున కూడా ప్రాణం పోవచ్చు. పావుగంటకు రక్తం కట్టింది. పడవలో దాన్ని పొట్ట మీద కూర్చోబెట్టి, తల ఎత్తిపట్టుకుని గట్టుకు చేర్చాం.

రేంజరు వచ్చి కొమ్ము చూశారు. “ఫోను చేసేరు కదండీ, కొమ్ముల సంగతి ఒక్క మాట అడగాల్సిందండి” అన్నారు.

అప్పగింత రిపోర్టులో ‘గాయానికి కారణం’ అని ఒక గడి ఉంటుంది. వరదలో దుంగ తగిలిందని రాసేద్దామని ఏసురత్నం గారు మెల్లిగా అన్నారు. ఉచ్చు విసిరింది తనే గనక మాట తన మీదికి వస్తుందని ఆయన భయం. ‘పశువైద్యుని ఆదేశంపై కొమ్ములకు పలుపు వేయడం వల్ల’ అని రాసి సంతకం పెట్టి, ఆయనకు చదివి వినిపించాను. “ఆయ్” అన్నారు.

పదో రోజున రేంజరు ఫోన్ చేశారు. కణుజు మేస్తోందని, అడవిలో వదిలేశామని చెప్పారు.

విరిగిన కొమ్ము ఎలాగూ వేసవికి రాలి, వానలకు కొత్తది మొలుస్తుంది. రిపోర్టులో నా వాక్యం మాత్రం అలాగే ఉంది. ఆ తర్వాత తెలియని జంతువు మీద తాడు వేయించాల్సి వచ్చినప్పుడల్లా, ముందు తెలిసినవాళ్ళను అడిగాను.