పండగ దాకా ఆగాల్సిన చాకు

నిన్న పొద్దున వైట్‌ఫీల్డ్‌లో మా అబ్బాయి ఫ్లాటుకు ఒక పార్సెలు వచ్చింది. ముందు రోజు అన్నం తింటూ తింటూ ఫోనులో ఏదో నొక్కాడు, తెల్లారి కాఫీ తాగేలోపల అది గుమ్మం ముందుంది. అట్టపెట్టెకు చుట్టిన టేపును గోళ్ళతో పీకుతూ, "అమ్మా, నీ చాకు ఇటివ్వు" అన్నాడు. నా సంచిలో ఎప్పుడూ ఒక మడత చాకు ఉంటుంది. తీసి బల్ల మీద పెట్టాను. చెయ్యి చాచుకుని నిలబడ్డవాడు నవ్వి, "ఇంకా ఈ పట్టింపులేనా నీకు?" అంటూ తనే తీసుకున్నాడు. చాకును చేతినుంచి చేతికి ఇస్తే ఇద్దరి మధ్యా చెడుతుందని మా ఇళ్ళలో అలా ఇవ్వం. కింద పెడితే రెండోవాళ్ళు తీసుకోవాలి. పెట్టెలోంచి చెవులకు తగిలించుకుని పాటలు వినేది బయటపడింది. అలాంటివి వాడికి ఇదివరకే రెండున్నాయి. కొని పెట్టుకునే వయసు. వాడు చాకు మూసినప్పుడు టక్కుమని చప్పుడైంది. ఆ చప్పుడుకు మా మామ గుర్తొచ్చాడు.

మామంటే మా అమ్మకు తమ్ముడు. డెబ్బైల చివర్లో నేను బాగేపల్లి దగ్గరి మా ఊరినుంచి టైపు నేర్చుకుని, ఉద్యోగం వెతుక్కుంటూ బెంగుళూరు వచ్చి, కాటన్‌పేటలో ఆయనింట్లో దిగాను. నా పెళ్ళయ్యేదాకా అక్కడే ఉన్నాను. రెండు గదులు, ఒక వంటిల్లు, వెనకాల కొళాయి. పక్కింట్లో మరమగ్గాలు పొద్దున్నే మొదలుపెడితే చీకటి పడేదాకా ఆడేవి. కొత్తగా వచ్చిన చుట్టాలు తల పట్టుకునేవాళ్ళు. అలవాటైన మాకు అవి ఆగినప్పుడే చెవుల్లో ఏదో తేడాగా ఉండేది. మామకూ అత్తకూ పిల్లల్లేరు. మామ చిక్కపేటలో ఒక పట్టుచీరల అంగడిలో పనిచేసేవాడు. చీర విప్పి చూపించడం, మళ్ళీ మడత పెట్టడం, పొద్దస్తమానం అదే పని. ఎవరైనా తొందరపడి కొనబోతే ఈయనే అడ్డం పడి, "ఇంటికి పోయి ఆలోచించుకుని రాండమ్మా, చీర యాడికీ పోదు" అనేవాడట. అంగడి యజమానికి అందుకే ఈయనంటే సగం గౌరవం, సగం తలనొప్పి.

ఆయనకున్న ఒకే ఒక పిచ్చి మడత చాకులు. కొత్తవి కాదు, పాతవి. దండు ప్రాంతంలో, అంటే కంటోన్మెంటులో, తెల్లదొరలు వదిలేసి పోయినవి, మిలిటరీవాళ్ళు అమ్ముకున్నవి, తోటమాలులు కొమ్మలు కోసుకునే వంకర అలుగువి, ఇత్తడి పిడివి, ఎముక పిడివి. ఇవన్నీ తిరిగి తిరిగి ఆదివారం బజారుకు చేరేవి. అక్కడ పాత ఇనుము పరుచుకుని కూర్చునే ఒక భాయి దగ్గర మామ చూసేవాడు. చూసేవాడు అంటే చూసేవాడంతే. మొదటి ఆదివారం ముట్టుకోడు. నచ్చినదాన్ని తర్వాతి వారం చేతిలోకి తీసుకుని, తెరిచి, మూసి, మళ్ళీ పెట్టేసి వచ్చేస్తాడు. ఏడాదికి ఒక్క చాకే, అదీ ఆయుధపూజ నాడే ఇంటికి రావాలి. ఈలోగా ఎవరైనా కొనుక్కుపోతే, "పోయిందప్పా. మనదైతే ఉండేది" అని, ఇంకోదాని మీద కన్ను వేసేవాడు. మంచి చాకులు ఎన్నో అలా చేజారిపోయాయి. బాధపడేవాడు కూడా, ఆ పూట మారు అన్నం పెట్టించుకునేవాడు కాదు. నియమం మాత్రం మార్చుకోలేదు.

ఈ ఆగడంలో ఆయనకేం దొరికేదో నాకు మొదట్లో అర్థమయ్యేది కాదు. తర్వాత తెలిసింది. ఆయన ఆదివారం బజారునుంచి వచ్చి కాళ్ళు కడుక్కుని, చేట ముందర పెట్టుకుని బియ్యం ఏరుకుంటున్న అత్త ఎదుట గొంతుక్కూర్చుని, ఆ వారం చూసినదాన్ని గురించి చెప్పేవాడు. పిడి ఏ రంగు, ఎక్కడ పగులుంది, అలుగు ఎంత అరిగింది, మూస్తే చప్పుడెట్లా ఉంది. అత్త తలెత్తకుండానే, "పోయిన వారం పగుల్లేదంటివి గదా?" అనేది. చూడని చాకుల గురించి ఆమెకు తెలిసినంత, అప్పుడప్పుడు మామ వెంట పోయి చూసిన నాకు తెలిసేది కాదు. ఎప్పుడైనా ఆయన మనసు జారి, "ఈసారి పండగ దాకా ఉంటాదో ఉండదో" అంటే ఆమే గదమాయించేది. "స్వల్ప ఆగప్పా. నన్ను చూసేకి మా ఇంటికి నువ్వు ఎన్ని తూర్లు వచ్చినావు? పిల్లను చూసేకి వచ్చినావా, గోడలు లెక్కబెట్టేకి వచ్చినావా అని మా నాయన అడగలా?" అనేది. మామ సిగ్గుపడి లేచి వెళ్ళిపోయేవాడు.

ఆయుధపూజ రోజు మరమగ్గాలు ఆగేవి. వాటికి బొట్లు పెట్టి, బంతిపూలు చుట్టి, వీధిలో బూడిదగుమ్మడికాయలు పగలగొట్టేవాళ్ళు. మా ఇంట్లో కత్తిపీట, కత్తెర, కుట్టుమిషను, మామ చాకులు, అన్నీ పీట మీదికి చేరేవి. కొత్త చాకును మామ అత్త ముందు నేల మీద పెట్టేవాడు. ఆమె దానికి కుంకుమ పెట్టి, చేతిలోకి తీసుకుని, తెరిచి మూసి, ఒక మాట అనేది. ఆ మాట కోసమే మామ ఏడాదంతా ఆగేది. ఒకదాన్ని, "ఇది కోపిష్టిది, పనిలేకుండా తెరవొద్దు" అన్నది. పదును పెట్టి పెట్టి అలుగు సగానికి అరిగిపోయినదాన్ని చాలాసేపు పట్టుకుని, "ఇది ఎవరిదో ఇల్లు నడిపిన చాకప్పా" అన్నది. తర్వాత అందరికీ బొరుగులు, బెల్లం. అంతే పండగ.

ఎనభైలు వచ్చిన కొత్తల్లో ఒక ఉగాది తర్వాత మామ జింకకొమ్ము పిడి ఉన్న చాకును చూశాడు. అలాంటిది ఆయన అంతకుముందు చూడలేదు. పిడి మీద గరుకు గీతలు, వేలు ఆనించేచోట మాత్రం ఎవరి బొటనవేలో రాసి రాసి తేనెరంగుకు తిరిగిందని చెప్పాడు. అత్త బియ్యం ఏరడం ఆపి విన్నది. ఆ నెలలోనే ఆమెకు కడుపునొప్పి మొదలైంది. గడ్డ అన్నారు. కోసి చూసి, కుట్టేసి, ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఆ తర్వాత ఆమె వంటింట్లోకి రాలేదు. ముందుగదిలో చాప మీద, తల కింద రెండు దిండ్లతో పడుకుని, ఆదివారం కోసం చూసేది. మామ రాగానే, "ఉండాదా?" అని అడిగేది. "ఉండాది" అని ఆయన కూర్చుని చెప్పడం మొదలుపెట్టేవాడు.

శ్రావణంలో ఒక ఆదివారం ఆమె, "ఈసారి ముందే తెచ్చేయప్పా. నేనొకసారి పట్టుకుని చూస్తాను" అన్నది. మామ ముఖం మాడిపోయింది. "పండక్కి గదా తేవాల" అన్నాడు. ఆమె మళ్ళీ అడగలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. చచ్చిపోతున్న మనిషి నోరు తెరిచి అడిగితే నియమమేమిటి? వెనకాల కొళాయి దగ్గర పట్టుకుని, "ఏం మనిషివి మామా నువ్వు, రేపే తెచ్చివ్వు" అని కసురుకున్నాను. ఆయన చెంబులో నీళ్ళు నిండి పొర్లిపోతున్నా కొళాయి కట్టలేదు. "ముందే తెస్తే మీ అత్తకేమని చెప్పినట్టు పాపా? నువ్వు పండగ దాకా ఉండవని నా నోటితో నేనే చెప్పినట్టు గాదా?" అన్నాడు. అంత పెద్దమనిషి అలా ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. నేనే వెళ్ళి కొళాయి కట్టాను.

వినాయక చవితి అయిన తర్వాత ఒక ఆదివారం మామ మందుల కోసం పోయినప్పుడు అత్త నన్ను దగ్గరికి పిలిచింది. "నువ్వొకసారి పోయి ఆ చాకు చూసి రా పాపా" అన్నది. బజారుకు వెళ్ళి భాయిని అడిగాను. ఆయన పరిచిన గోనెపట్ట మీద పాత తాళాలు, పటకారులు, ఇంకేవో చాకులు ఉన్నాయి గానీ కొమ్ము పిడిది లేదు. "అది యాడుండాదమ్మా, శానా దినాలాయ పోయి" అన్నాడు. "మీ మామకి తెలుసు గదా. అయినా ప్రతివారం వస్తాడు. అది ఉన్న జాగా చూస్తాడు, సుమ్నె, ఏమీ కొనకుండా పోతాడు." మామ ఎప్పుడూ "పోయింది" అని చెప్పడానికి వెనకాడిన మనిషి కాదు. ఆ ఒక్క మాట ఈసారి నోట రాక, లేని చాకును వారం వారం ఇంటికి మోసుకొస్తున్నాడు. దోవంతా ఏం చెప్పాలా అనుకుంటూ నడిచాను. ఇంట్లో అడుగుపెట్టగానే, "ఉండాదా?" అని అడిగింది. "ఉండాదత్తా" అన్నాను.

అత్త నా ముఖం చూసి నవ్వింది. ఆ నవ్వుకు కూడా ఆమెకు ఆయాసమే. "నీకూ అబద్ధం చెప్పేకి రాదు పాపా. ఉండేటప్పుడు మీ మామ దాని పిడి గురించి చెప్తాడు, అలుగు గురించి చెప్తాడు. ఈ మధ్య ఉత్త 'ఉండాది' అంటాడు, లేచిపోతాడు. అప్పుడే అనుకుంటి" అన్నది. నేను తల దించుకున్నాను. ఆమే మళ్ళీ, "ఆయప్పకు చెప్పొద్దు. ఉండాదనే అననీ. ఆ మాట వినేకైనా ఇంకో ఆదివారం దాకా ఉంటాను" అన్నది. ఆ సాయంత్రం మామ వచ్చి ఎప్పటిలా "ఉండాది" అన్నాడు. ఆమె, "పండక్కి తెద్దువులే" అన్నది. గోడకు ఆనుకుని నిలబడి, ఒకళ్ళ కోసం ఒకళ్ళు దాస్తున్న ఆ ఇద్దర్నీ చూడలేక, స్టవ్వు మీద ఏమీ లేకపోయినా వంటింట్లోకి వెళ్ళిపోయాను.

మహాలయ పక్షంలో అత్త పోయింది.

చావు జరిగిన ఇంట్లో ఏడాదిపాటు పండగ చెయ్యరు. కర్మలన్నీ అయి, చుట్టాలంతా వెళ్ళిపోయాక, ఒక పొద్దున మామా నేనూ కాఫీ తాగుతుంటే ఏదో తేడాగా అనిపించింది. మగ్గాల చప్పుడు లేదు. ఆయన గ్లాసు కింద పెట్టి, "అప్పుడే వచ్చేసిందా?" అన్నాడు. ఇంకాసేపటికి వీధిలో గుమ్మడికాయ పగిలిన చప్పుడు వినిపించింది. పక్కింటివాళ్ళు మా గుమ్మం ముందునుంచే బొరుగుల పళ్ళెం తీసుకుపోయారు, మాకు ఇవ్వలేదు. ఇవ్వకూడదు మరి. మామ లేచి తలుపు దగ్గరగా వేసి వచ్చి, "నిన్ను బజారుకు పంపిందంట గదా, భాయి చెప్పినాడు. ఏమని చెప్తివి?" అని అడిగాడు. "ఉండాదని చెప్పినాను" అన్నాను. "మంచి పని చేసినావు పాపా" అని చాలాసేపు తల ఊపాడు. ఆమెకు తెలుసన్న సంగతి మాత్రం చెప్పలేదు. ఆమె వద్దన్నది.

ఆ తర్వాతి ఆదివారం మామ ఒక చాకు కొనుక్కొచ్చాడు. ఆ తర్వాతి ఆదివారం ఇంకొకటి. ఇక చూడ్డం లేదు, ముట్టుకోవడం లేదు, పెట్టేసి రావడం లేదు. ఏది కనిపిస్తే అది. తెచ్చి అత్త పడుకున్నచోట నేల మీద పెట్టి, కాసేపు చూసి, తానే తీసుకుని పెట్టెలో వేసేవాడు. ఒకసారి ఉండబట్టలేక నేను తీసి, తెరిచి మూశాను. "ఎట్లుండాది?" అని ఆశగా అడిగాడు. ఎంత వెతుక్కున్నా అత్తలాంటి మాట ఒక్కటీ రాలేదు. "బాగుంది మామా" అన్నాను. "ఊఁ" అని చెయ్యి చాచబోయి, జ్ఞాపకం వచ్చి వెనక్కి తీసుకున్నాడు. నేను కింద పెట్టాను, ఆయన తీసుకున్నాడు. ఇంకెప్పుడూ అడగలేదు. ఎవరికీ చెప్పాల్సిన పని లేనప్పుడు దేనికోసం ఆగాలో ఆయనకు తెలియలేదని ఇప్పుడనిపిస్తుంది.

ఎనభైల చివర్లో మామ కూడా పోయాడు. పెట్టె నాకు వచ్చింది. అత్త ఉన్నప్పటి చాకులు కొన్నే, ఒక్కొక్కటీ ఏ ఏడాదిదో, ఆమె ఏమన్నదో ఇప్పటికీ చెప్పగలను. మిగతావి గుట్టగా ఉన్నాయి, ఒకదాన్ని చూస్తే ఇంకోదానిలాగే ఉంటుంది. నా సంచిలో ఉన్నది అలుగు అరిగిపోయినది, ఇల్లు నడిపిన చాకు. మా అబ్బాయి టేపు కోసి దాన్ని బల్ల మీద వదిలేసి, ఫోనులో ఇంకేదో చూసుకుంటున్నాడు. నేను తీసి, తుడిచి, సంచిలో వేసుకున్నాను. అత్త ఉన్నన్నాళ్ళూ మా ఇంటికి దసరా రావడానికి ఏడాది పట్టేది. ఆమె పోయాక ప్రతి ఆదివారమూ వచ్చింది, ఒక్కటీ పండగ కాలేదు.